గట్టు మీద విశ్వాసమ్మ

విశ్వాసమ్మకు కలలు పగటిపూటే వచ్చేవి.

బేతంచెర్లకు కాస్త ఎడంగా ఉన్న పల్లెలో, మిషన్ వాళ్ల హాస్టల్లో ఆమె వంట మనిషి. మధ్యాహ్నం పిల్లలు అన్నం తిని మళ్లీ బడికి పోయాక, గిన్నెలు కడిగి బోర్లించి, వంటింటి గడప దగ్గర నాపబండ మీద కొంగు పరుచుకొని ఒరిగేది. బయట ఎండ తెల్లగా మండుతున్నా ఆ బండ మాత్రం చల్లగా ఉండేది. రెప్ప వాలిందో లేదో, ఆమె ఇంకెక్కడో ఉండేది. ఎప్పుడో పోయిన తల్లి జొన్నచేలో నిలబడి పిట్టల్ని తోలుతూ కనిపించేది. ఎండిపోయిన వంకల్లో నీళ్లు పారేవి. లేచాక కాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు. పొయ్యి ముందు కూర్చుని, చూసిందంతా నెమరేసుకొని, అప్పుడు రాత్రి వంటకు బియ్యం చేటలో పోసుకునేది.

ఊళ్లో ఆమె కలలకు కాస్త విలువ ఉండేది. ఒకసారి గోపన్న గొడ్లపాక గోడ తల వంచి దండం పెట్టినట్టు కల వచ్చిందని చెప్పింది. గోపన్న నవ్వుతూనే ఎందుకైనా మంచిదని గొడ్లను బయట కట్టేశాడు. ఆ వారం వానకు గోడ కూలింది. అది అప్పటికే పగుళ్లిచ్చి, ఎప్పుడు పడదామా అని చూస్తున్న గోడ. ఆ సంగతి అందరూ మరిచిపోయారు, కల మాత్రం గుర్తుండిపోయింది. అందరికంటే ఎక్కువగా నమ్మినవాడు ఆమె తమ్ముడు ఏసేపు. పెళ్లి కుదిరినప్పుడూ, ఒక రాళ్ల గని నుంచి ఇంకో గనికి పనికి మారినప్పుడూ, అక్కకేమైనా కల వచ్చిందా అని అడిగాకే సరేనన్నాడు.

విశ్వాసమ్మను బద్వేలు దిక్కు ఒక ఊరికి ఇచ్చారు. మూడేళ్లు తిరక్కముందే భర్త జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటికి వచ్చేసింది. ఆమె వచ్చిన ఏడాదికి తల్లి ఆడపిల్లను కని, ఆ కాన్పులోనే కన్నుమూసింది. పిల్లను ఎవరెత్తుకోవాలన్న మాటే రాలేదు. మేకపాలలో గుడ్డపీలిక ముంచి ఆ పసిగుడ్డు నోట్లో పెట్టింది మొదలు, విశ్వాసమ్మే తల్లి అయింది. బైబిల్లోంచి ఏరి నిస్సీ అని పేరు పెట్టింది, ఇంట్లో మాత్రం పాప అనే పిలిచేవాళ్లు. తండ్రి కూడా పోయాక ఆ ఇంట్లో ముగ్గురే మిగిలారు. ఏసేపు మీసాలు రాకముందే గనిలో దిగాడు. పెద్దయ్యేసరికి ఇద్దరు మోసే బండను ఒక్కడే ఎత్తేవాడు. మాట మాత్రం తక్కువ. అడిగినదానికి జవాబు చెప్పడానికే అతనికి బండ ఎత్తినంత పనయ్యేది.

నిస్సీ చదువుకుంది. ఆత్మకూరు దగ్గర అంగన్‌వాడీ టీచరైంది. ఆటో నడిపే యేసుప్రసాద్‌ను చేసుకుంది. పిల్లల చేత పద్యాలు పాడించి, గుడ్డు వలిచి తినిపించి, సాయంత్రానికి గొంతు బొంగురుపోయి ఇంటికి వచ్చేది. ఆ బొంగురు గొంతుతోనే అక్కకు ఫోన్ చేసేది.

2006లో, చలికాలం పోయే రోజుల్లో, నిస్సీ పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బి ఉండటం మొదలైంది. తర్వాత పాదాలు. తర్వాత అన్నం చూస్తేనే వాంతి. కర్నూలు తీసుకుపోయి చూపిస్తే రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. ఎప్పటి నుంచో బీపీ ఉందని, అది లోలోపలే తినేసిందని చెప్పారు. ఇక వారానికి రెండుసార్లు కర్నూల్లో రక్తం కడిగించుకోవాలి. కడిగించుకొని వచ్చిన రోజు పిండేసిన బట్టలా మంచం మీద పడి ఉండేది. విశ్వాసమ్మ పక్కన కూర్చుని ఆమె చేతిని ఒళ్లో పెట్టుకునేది. సూది గుచ్చేందుకు రెండు నరాలు కలిపి కుట్టిన చోట చర్మం కింద రక్తం జుమ్మని పారుతుంటే, ఆమె వేళ్లకు చీమలు పాకినట్టు తెలిసేది.

ఎవరైనా కిడ్నీ ఇస్తే బిడ్డ బతుకుతుందన్నారు. యేసుప్రసాద్ ముందుకొచ్చాడు గానీ అతని రక్తం గ్రూపు కలవలేదు. అక్కదీ అన్నదీ కలిశాయి. కర్నూల్లోనే ఇద్దరి రక్తమూ పరీక్ష చేశారు. ఏసేపు రక్తంలో క్రియాటినిన్ అనే మలినం ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉంది. నీ కిడ్నీలే అంతంతమాత్రం, నువ్వు పనికిరావు అన్నారు. విశ్వాసమ్మది చాలా తక్కువగా, పడుచుపిల్లల రక్తంలా ఉందన్నారు.

ఏసేపు బయటికి పోయి ఆసుపత్రి గోడ నీడన గొంతుక్కూర్చుని నేలకేసి చూస్తూ ఉండిపోయాడు. బాధపడుతున్నాడనుకొని విశ్వాసమ్మ అతని భుజం తట్టింది.

ఆమె మాత్రం ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటిదాకా నవ్వుముఖంతోనే వచ్చింది. యాభై దాటిన మనిషి. సన్నగా, ఎండిన కందికట్టెలా ఉండేది. తనలో ఇంకొకరికి పనికొచ్చేది ఏదో ఉందని అంతవరకు ఆమెకు తెలియదు. ఊరంతటికీ చెప్పుకుంది. ఆదివారం గుడిలో ఆడవాళ్లు ఆమె తల మీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. హాస్టల్ పిల్లలు, అమ్మమ్మా నీ కడుపు కోస్తారంట కదా అని అడిగితే, అవునని మెరిసే కళ్లతో చెప్పింది. పెళ్లికి పోయేదానిలా కొత్త చీర మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ రోజుల్లో ఆమెకు వచ్చిన కలలన్నీ తేలికగా ఉండేవి. ఒకదాంట్లో ఆమె దూదిపింజలా చేల మీదుగా పోతూ ఉండింది, కింద నిస్సీ చప్పట్లు కొడుతూ ఉండింది.

ఎండలు ముదిరాక కర్నూల్లో తుంగభద్ర రైలెక్కి హైదరాబాదు పోయారు. నిస్సీ, యేసుప్రసాద్, విశ్వాసమ్మ, తోడుగా ఏసేపు. ఆసుపత్రికి దగ్గర్లో ఒక గది తీసుకున్నారు. కిడ్నీలు ఇచ్చేవాళ్లను పరీక్ష చేసే డాక్టరమ్మ పేరు శ్రీవాణి. బద్వేలు కోమట్ల బిడ్డ. హైదరాబాదు మాట మాట్లాడుతున్నదల్లా వీళ్ల యాస వినగానే తనూ సీమ మాటలోకి దిగింది. విశ్వాసమ్మకు భయం సగం పోయింది.

శ్రీవాణి కర్నూలు రక్తపరీక్షను చూసింది. బాగుంది గానీ ఇది చాలదంది. కిడ్నీలు నిజంగా ఎంత పని చేస్తున్నాయో కొలవాలని, దానికి రెండు పరీక్షలున్నాయని చెప్పింది. మొదటిది, ఒక పగలూ ఒక రాత్రీ పోసిన మూత్రమంతా డబ్బాలో పట్టడం. పొద్దున లేచాక మొదటిసారిది వదిలేసి, ఆ తర్వాత నుంచి మర్నాడు పొద్దున మొదటిసారిదాకా చుక్క బయట పోకుండా పట్టాలి. విశ్వాసమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ తెల్ల డబ్బాకు పాత రవికెగుడ్డ చుట్టి, మూతి దగ్గర ముడి వేసి, పాలబిందెను దాచినట్టు మంచం కింద దాచింది. ఆ వేషం వేసుకున్న డబ్బాను చూసి నిస్సీ నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వింది. నవ్వలేక ఆయాసపడి పక్కకు ఒరిగి మళ్లీ నవ్వింది. ఆ నవ్వు కోసమైతే ఇంకో డబ్బా పట్టి ఇస్తానని విశ్వాసమ్మ అంది.

రెండోది స్కాను. చల్లటి గదిలో బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి చేతి నరంలోకి ఏదో మందు ఎక్కించారు. ఆ మందు కిడ్నీల్లోంచి ఎంత తొందరగా దిగిపోతుందో బల్ల కింద ఉన్న యంత్రం చూస్తుందని, అరగంట కదలకుండా ఉండాలని అక్కడి మనిషి చెప్పి తలుపు మూసి వెళ్లిపోయాడు. యంత్రం సన్నగా రొద పెడుతూ ఉంది. వీపు కింద బల్ల చల్లగా ఉంది. మధ్యాహ్నం వేళ. విశ్వాసమ్మ రెప్పలు వాలాయి.

కుందూ నది నిండుగా పారుతోంది. నీళ్లు ఎర్రగా, ఎర్రమన్ను కలిపినట్టున్నాయి. చప్పుడు మాత్రం లేదు. నది నడుమ ఏసేపు నడుస్తున్నాడు. పడుచువాడుగా ఉన్నాడు, మీసాలు అప్పుడే వస్తున్నాయి. అతని భుజాల మీద నిస్సీ, మూడేళ్ల పిల్ల, అన్న జుట్టు పట్టుకొని కూర్చుంది. నీళ్లు అతని రొమ్ముదాకా వచ్చాయి. అడుగు తీసి అడుగు వేస్తున్నాడు. జారడం లేదు. విశ్వాసమ్మ గట్టు మీద నిలబడి ఉంది. వాళ్ల వెనకాలే దిగాలని కాలు ఎత్తబోయింది. కాలు రాలేదు. వంగి చూసుకుంటే చీర కుచ్చిళ్లు పొడిగా ఉన్నాయి, పాదాల చుట్టూ పల్లేరు తీగ పూసి ఉంది. ఆమెకు ఏడుపు రాలేదు. నిస్సీ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఆవలి గట్టున వెలుతురు చాలా ఉంది, కళ్లు చికిలించి చూడాల్సి వచ్చింది.

అయిపోయిందమ్మా, లెయ్యి అన్నారెవరో. ఆమె లేచి కూర్చుని కొంగు సర్దుకుంది. అడిగినవాటికి తల ఊపి బయటికి నడిచింది.

రెండు రోజుల తర్వాత శ్రీవాణి ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. మోకాళ్ల నొప్పులకు ఏమైనా మింగుతావా అని ముందుగా అడిగింది. అంగట్లో ఇచ్చే నొప్పిమాత్రలు మింగుతానని, ఏళ్ల తరబడి అలవాటేనని, అవి లేకపోతే పొయ్యి ముందు కూర్చోలేనని విశ్వాసమ్మ చెప్పింది.

“నీ రక్తం శుభ్రంగా ఉండాది కానీమా, కిడ్నీలు శానా నిదానంగా పని చేస్తాండాయి” అంది డాక్టరమ్మ.

అదెట్లా కుదురుతుందో విశ్వాసమ్మకు అర్థం కాలేదు. శ్రీవాణి కుర్చీ దగ్గరికి లాక్కొని నిదానంగా చెప్పింది. రక్తంలో కొలిచే ఆ మలినం మన కండల్లోంచే వస్తుంది. కండ తక్కువున్న మనిషిలో అది పుట్టడమే తక్కువ. మనుషులు లేని ఇంట్లో చెత్త పడదు కదా, ఊడ్చే మనిషి ఎంత నిదానస్తురాలైనా ఇల్లు శుభ్రంగానే కనిపిస్తుంది. నీ ఇల్లు అట్లాంటిది. ఊడ్చేవాళ్లు ఎంత ఊడుస్తున్నారో డబ్బాలోనూ స్కానులోనూ చూశాం. ఉండాల్సినదాంట్లో సగం కంటే కొంచెమే ఎక్కువ. వయసు కొంత, మాత్రలు కొంత. ఇప్పుడు రెండు కిడ్నీలూ కలిసి నిన్ను మోస్తున్నాయి. ఒకటి తీస్తే ఇంకొకటి మోయలేదు.

విశ్వాసమ్మ బతిమాలింది. తనకు ముందూ వెనకా ఎవరూ లేరంది. బతికినంత బతికాను, ఆ పిల్ల బతకాల్సింది అంది. కావాలంటే రెండూ తీసుకోమంది.

“మా ముందర ఇద్దరు మనుషులుంటారుమా. ఒకర్ని బాగు చేసేకి ఇంకొకర్ని రోగం పాలు చెయ్యం” అంది శ్రీవాణి. ఆమె చేతి మీద చెయ్యి వేసి, ఆ మాత్రలు మాత్రం ఈ రోజుతో మానెయ్యమంది.

విశ్వాసమ్మ బయటికి రాకముందే డాక్టరమ్మ చూపు తలుపు దగ్గర నిలబడ్డ ఏసేపు మీద పడింది. గుమ్మానికి అడ్డంగా ఉన్నాడు. ముంజేతులు రోకళ్లలా ఉన్నాయి. ఏం పని చేస్తావని అడిగింది. రాళ్లు మోస్తానన్నాడు. కర్నూల్లో పనికిరావన్నారని కూడా తనే చెప్పాడు. ఆమె కాసేపు ఆలోచించి, నీ ఇంట్లో చెత్త ఎక్కువ పడుతుండొచ్చుప్పా, ఊడ్చేవాళ్లను చూడకుండా తప్పు పట్టడమెందుకు అంది. కర్నూల్లో పరీక్షకు ముందురోజు ఎండలో బండలు ఎత్తాడని, నీళ్లు సరిగ్గా తాగలేదని, ఆ పొద్దున ఊరి నుంచి మాంసం తిని బయల్దేరాడని అడిగి తెలుసుకుంది. కొన్నాళ్లు బరువెత్తకుండా, మాంసం ముట్టకుండా, బాగా నీళ్లు తాగి రమ్మంది. ఆ తర్వాత అతనికీ డబ్బా ఇచ్చారు. అతన్నీ ఆ చల్లటి గదిలో పడుకోబెట్టారు.

అతని కిడ్నీలు రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయని తేలింది. నరాల దారులు చూడటానికి తీసిన స్కాను కూడా సరిగ్గా ఉంది. కుడిది కాస్త ఎక్కువ, ఎడమది కాస్త తక్కువ పని చేస్తోంది. తీసుకుంటే ఎడమదే తీసుకుంటామని శ్రీవాణి చెప్పింది. రెండింట్లో మంచిది ఎప్పుడూ ఇచ్చేవాళ్ల దగ్గరే ఉంచుతామంది.

ఆ మాట విశ్వాసమ్మకు వింతగా తోచింది. ఆమెకు తెలిసినంతవరకు ఇవ్వడమంటే మంచిది అవతలివాళ్లకు పెట్టి మిగిలింది తను తినడం. చదువుకున్నవాళ్లు ఇట్లా కూడా ఆలోచిస్తారా అని ఆ సాయంత్రమంతా అనుకుంటూ ఉండిపోయింది.

ఇచ్చేవాళ్లను ఒక్కరినే కూర్చోబెట్టి మాట్లాడటం అక్కడి పద్ధతి. విశ్వాసమ్మతోనూ మాట్లాడారు, కాబట్టి లోపల ఏం అడుగుతారో ఆమెకు తెలుసు. నీకు నిజంగా ఇష్టమేనా, ఎవరైనా బలవంతం చేస్తున్నారా అంటారు. వద్దనిపిస్తే వద్దని చెప్పు, నీది సరిపోలేదని మాత్రమే బయట చెప్తాం, కారణం కట్టుకున్నదానికి కూడా చెప్పం అంటారు. ఏసేపు లోపలికి పోయినప్పుడు ఆమె వరండాలో గోడకు ఆనుకొని కూర్చుంది. అతను తొందరగానే బయటికి వచ్చాడు. రేపు చెప్తానన్నాడట. వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు. ఎదురుగా ఎవరో తడి బట్టలు ఆరేసి ఉన్నారు, గాలికి అవి నెమ్మదిగా ఊగుతున్నాయి.

“అక్కా” అన్నాడు.

“ఏమప్పా.”

“నీకేమన్నా కల పడిందా?”

అతను ఎందుకు అడుగుతున్నాడో ఆమెకు తెలుసు. నది, భుజాల మీద పిల్ల, ఆవలి గట్టు వెలుతురు అన్నీ ఆమె నాలుక చివరన ఉన్నాయి. చెప్తే చాలు, ఇప్పుడే లేచి వెళ్లి బల్ల మీద పడుకుంటాడు. కత్తి అంటే భయమున్నా, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నా, రేపటి నుంచి బండ ఎత్తగలడో లేడో తెలియకపోయినా మారుమాట్లాడడు. నిస్సీ బతుకుతుంది. కానీ అప్పుడు ఇచ్చింది ఏసేపు కాదు, కల. ఏదైనా తేడా వస్తే జీవితాంతం ఆ కలను మోస్తూ తిరుగుతాడు. ఆమె చిన్నప్పటి నుంచి వీడికి అన్నీ పెట్టింది, ఈ ఒక్కటి మాత్రం తను పెట్టకూడదనుకుంది.

“లేదప్పా” అంది. “ఈడికొచ్చినప్పటి నుంచి నిద్రే సరిగా లేదు. ఇంక కలలు యాడొస్తాయి.”

కలల విషయంలో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే.

ఏసేపు ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె ఆరేసిన బట్టలకేసి చూస్తూ ఉంది.

“నువ్వు ఇస్తానన్నా నా తమ్ముడివే, వద్దన్నా నా తమ్ముడివే” అంది. “పాప దగ్గర నేనుంటా. ఎవరన్నా ఒక మాటంటే నేను చెప్పుకుంటా. నువ్వు మాత్రం నీ మనసు నువ్వే అడుక్కో.”

అతను లేచి వెళ్లిపోయాడు. రోడ్డు వారన ఎస్టీడీ బూతులో నిలబడి ఊళ్లో భార్య సువార్తమ్మతో మాట్లాడాడు. ఆమె మొదట ఏడ్చింది. కోసినాక లేచి నడుస్తావా అని అడిగింది. ఇద్దరికీ ఒక్కోటి చాలుతుందా అని అడిగింది. డాక్టరమ్మ చెప్పినవన్నీ అతను తనకు అర్థమైనంత చెప్పాడు.  చివరికి సువార్తమ్మ, నీ ఒళ్లు నీది, నేను ఇయ్యమనను, వద్దనను, ఇచ్చేటట్టుంటే మాత్రం పిల్లల్ని మా అమ్మ దగ్గర దింపి నేనొస్తా, ఆడ నీకు వండి పెట్టేవాళ్లు ఎవరుండారు అంది.

పొద్దు వాలుతుండగా ఏసేపు తిరిగొచ్చాడు. విశ్వాసమ్మ ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

“కర్నూల్లో పనికిరావన్నప్పుడు నాకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయినాదక్కా” అన్నాడు. “గోడ పక్కన కూర్చుండింది బాధతో కాదు. సంతోషం ముఖం మీద కనపడకూడదని కూర్చున్నా. అప్పటి నుంచి పాప ముఖం సరిగా చూసింది ల్యా.”

అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

“ఇప్పుడు కూడా భయంగానే ఉండాది. అయినా ఇస్తా. నువ్వు చెప్పినావని కాదు.”

ఆమె అతని తల నిమిరింది. జుట్టులో రాతిపొడి ఉందేమోనని అలవాటుగా వేళ్లతో దులిపింది. లేదు. పని మానేసి చాలా రోజులైంది కదా.

ఆపరేషను రోజు అన్నాచెల్లెళ్లను పక్కపక్క గదుల్లోకి తీసుకుపోయారు. సువార్తమ్మ, యేసుప్రసాద్, విశ్వాసమ్మ వరుసగా బల్ల మీద కూర్చున్నారు.  ఎవరి ప్రార్థన వాళ్లు లోలోపల చేసుకున్నారు. విశ్వాసమ్మకు పొద్దు కదలడం లేదనిపించింది. కిటికీలోంచి పడ్డ ఎండ నేల మీద పలకలా నిలిచి, ఎంతకీ జరగలేదు. చివరికి ఒక డాక్టరు ముఖానికి కట్టుకున్న గుడ్డ విప్పుకుంటూ వచ్చి, రక్తం వదలగానే కిడ్నీ గులాబీ రంగుకు తిరిగిందని, బల్ల మీదనే నీళ్లు రావడం మొదలయిందని చెప్పాడు.

నిస్సీని అద్దాల గదిలో ఉంచారు. మంచం పక్కన వేలాడే సంచి నిండుతూ ఉంది. ఒంటేలుకు పోవడమన్నదే మరిచిపోయిన బిడ్డ. విశ్వాసమ్మ అద్దానికి నుదురు ఆనించి ఆ సంచినే చూస్తూ నిలబడిపోయింది. ఎండాకాలంలో బోరు పడ్డప్పుడు పైపు చుట్టూ గుమిగూడే జనంలా ముగ్గురూ అట్లాగే నిలబడ్డారు. తర్వాత ఆమె ఏసేపు మంచం దగ్గరికి పోయింది. పక్క నొప్పికి పళ్లు బిగించి పడుకొని ఉన్నాడు.

“వచ్చినాయా?” అన్నాడు.

“వచ్చినాయప్పా. ధారగా వచ్చినాయి.”

అతను కళ్లు మూసుకున్నాడు. కాసేపటికే గురక పెట్టాడు.

విశ్వాసమ్మ ఊరికి వచ్చాక కొన్నాళ్లు తలెత్తుకోలేకపోయింది. తల మీద చేతులు పెట్టి ప్రార్థన చేసి పంపిన ఆడవాళ్లకు ఏం చెప్పాలి. ఇవ్వడానికి పోయి, ఒంటి మీద గాటు కూడా లేకుండా తిరిగొచ్చింది. హాస్టల్ పిల్లలు కడుపు చూపించమంటే పొయ్యిలో పుల్లలు ఎగదోసుకుంది. రెండు ఆదివారాలు మోకాళ్ల నొప్పులని చెప్పి గుడికి పోలేదు. నొప్పులు నిజమే. మాత్రలు మానేశాక అవి ఆమెను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. ఆముదపు ఆకు వెచ్చచేసి కట్టుకునేది. ఏసేపు హాస్టల్ వంటింట్లో నిలబడి వండేటట్టు బండతో ఎత్తుగా పొయ్యిగట్టు కట్టించాడు. తను కూర్చుని చెప్తే వేరేవాళ్లు కట్టారు.

ఆమె మనసు కుదుటపడింది ఆ చలికాలంలో, నిస్సీ పరీక్షలకు తోడుగా మళ్లీ హైదరాబాదు పోయినప్పుడు. శ్రీవాణి ఆమె రక్తం, మూత్రం మళ్లీ చూసింది. మాత్రలు ఆపడంతో కిడ్నీలు కాస్త తేరుకున్నాయంది. నువ్వు ఇచ్చేదానికి రాకపోయి ఉంటే ఈ సంగతి ఎవరూ చూసేవాళ్లు కాదని, ఇంకొన్నేళ్లు అట్లాగే మింగుతూ ఉంటే నువ్వూ రక్తం కడిగే మంచం ఎక్కేదానివని చెప్పింది. ఉప్పు తగ్గించుకొని, ఏడాదికొకసారి కర్నూల్లో చూపించుకొమ్మంది. విశ్వాసమ్మ ఆ మాటను రైల్లో దారి పొడుగునా తలుచుకుంది. ఎవరినో బతికించాలని బయల్దేరితే, దారిలో ఎవరో తనను కూడా చెయ్యి పట్టి పక్కకు లాగారు. ఆ ఆదివారం గుడిలో అందరి ముందూ నిలబడి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పింది. ఎక్కువ మాటలు రాలేదు. ఒకర్ని బాగు చేయించేకి పోయి ఇద్దరం బాగై వచ్చినాము అని కూర్చుంది.

ఏసేపు మళ్లీ పెద్ద బండలు ఎత్తలేదు. ఎత్తగలిగేవాడేనేమో గానీ సువార్తమ్మ ఎత్తనివ్వలేదు. బండల ఫ్యాక్టరీలో పాలిషు మిషను మీద పనికి మారాడు. అక్క చెప్పినట్టు దగ్గరే కూజా పెట్టుకొని నీళ్లు తాగేవాడు. ఏడాదికొకసారి అతనూ విశ్వాసమ్మా కలిసి కర్నూలు పోయి పరీక్షలు చేయించుకొని వచ్చేవాళ్లు.

2008 ఎండాకాలంలో నిస్సీ పని చేసే అంగన్‌వాడీకి కొత్త నేల వేయాల్సి వచ్చింది. పాత నేల గుంటలు పడి పిల్లల కాళ్లకు గుచ్చుకునేది. ఏసేపు పాలిషు పట్టిన నాపబండలు ట్రాక్టరులో వేయించుకొని ఆత్మకూరు దాకా తీసుకొచ్చాడు. కూలీలు బండలు దించుతుంటే తను పక్కన నిలబడి, ఇంకొంచెం ఇటు, ఆ మూల పైకెత్తు అంటూ చెప్తున్నాడు. చేతులు ఊరికే ఉండలేక వాటంతటవే ముందుకు పోతున్నాయి. ప్రతిసారీ నిస్సీ అన్న చొక్కా వెనక పట్టుకొని లాగింది. ఆమె బుగ్గలు మందుల వల్ల కాస్త ఉబ్బి గుండ్రంగా ఉన్నాయి, గొంతు మాత్రం మునుపటిలా బొంగురుగానే ఉంది.

విశ్వాసమ్మ వేపచెట్టు కింద పిల్లల్ని కూర్చోబెట్టి కొర్రన్నం కలిపి ముద్దలు పెడుతోంది. ఒక ముద్ద పిల్లలకు, ఒకటి తనకు. సిమెంటు ఆరేదాకా లోపలికి ఎవరూ పోకూడదని నిస్సీ గడపకు అడ్డంగా తాడు కట్టింది. పిల్లలు తాడు దగ్గర బారుగా నిలబడి, ఆ నున్నటి నేల మీద పడుతున్న వెలుతురును చూస్తూ, ఎప్పుడు ఆరుతుంది టీచరూ అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు.

రేపటికి ఆరిపోతుందని నిస్సీ చెప్పింది.